కళింగపట్నం వెళ్తున్నారా? వంశధార వెంట రండి

వాయుగుండం పట్టినప్పుడల్లా టీవీలో వినే పేరు కళింగపట్నం. "కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని చదువుతారు, మనం వింటాం, తుఫాను దాటాక మర్చిపోతాం. ఆ ఊరికి సరదాగా కూడా వెళ్ళొచ్చని శ్రీకాకుళంలో పుట్టి పెరిగినవాళ్ళలోనే చాలామందికి తట్టదు. వెళ్ళినా ఆదివారం సాయంత్రం బండేసుకుని వెళ్ళి, ఒక మొక్కజొన్న పొత్తు తిని, నాలుగు సెల్ఫీలు దిగి, "ఏటుందిరా అక్కడ, ఇసక తప్ప" అంటూ తిరిగొస్తారు.

బీచ్ ఒక్కటే చూసి వస్తే నిజంగానే ఇసక తప్ప ఏమీ ఉండదు. కళింగపట్నం ఒక నది చివర ఉన్న రేవు. వంశధార ఒడిశా కొండల్లో పుట్టి, 250 కిలోమీటర్లు దాటి వచ్చి ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. పైన దాని ఒడ్డునే ఒకప్పటి రాజధాని శ్రీముఖలింగం, మధ్యలో శాలిహుండం అనే బౌద్ధుల కొండ, కింద ఓడల రేవు. అందుకని నేను ఎవరికి చెప్పినా ఒకటే చెప్తాను: రెండు రోజులు పెట్టుకోండి, నది పైనుంచి కిందికి రండి, సముద్రాన్ని ఆఖరికి ఉంచుకోండి. అప్పుడు ఆ ఊరు అక్కడెందుకు పుట్టిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ముందు ఎప్పుడు రావాలో చూద్దాం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయి. ఎండ మరీ మాడ్చదు, పొద్దున్న మంచు కూడా ఉంటుంది. సెప్టెంబరు ఆఖరు నుంచి నవంబరు దాకా బుక్ చేసుకుంటే మాత్రం సగం మనసు వాతావరణం మీదే ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి తోటల్ని ఏం చేసిందో ఈ జిల్లాలో ఎవర్నడిగినా చెప్తారు. 2021 సెప్టెంబరులో గులాబ్ అయితే కళింగపట్నానికి ఉత్తరంగా 20 కిలోమీటర్ల దగ్గరే తీరం దాటింది. ఆ నెలల్లో రావాల్సి వస్తే, డబ్బు వెనక్కిచ్చే గదే తీసుకోండి, బయల్దేరే ముందు వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. హెచ్చరిక జెండా ఎగిరిందంటే టూర్ వాయిదా వేసుకోవడమే, "ఏం కాదులే" అనే బావగారి మాట వినొద్దు. ఏప్రిల్, మే నెలల్లో శాలిహుండం కొండెక్కడం పెద్దవాళ్ళ వల్ల కాదు. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరబోట్లకు వేట నిషేధం కాబట్టి తాజా చేపల మీద ఆశతో వచ్చేవాళ్ళు ఆ రోజులు తప్పించడం మంచిది.

పండగల లెక్క కూడా చూసుకోవాలి. రథసప్తమికి అరసవిల్లి కిటకిటలాడిపోతుంది, మామూలు ఆదివారాల్లోనూ జనం ఎక్కువే. శివరాత్రికి శ్రీముఖలింగం, హోలీ పున్నమి డోలోత్సవానికి శ్రీకూర్మం. దర్శనం కోసమే వచ్చేవాళ్ళకి అదో ఆనందం, కాదనను, కానీ చరిత్ర తీరిగ్గా చూద్దామని వచ్చినవాళ్ళకి ఆ రోజుల్లో గోడ మీద బొమ్మ కనపడదు, ముందున్న వాళ్ళ వీపు కనపడుతుంది. కార్తీకంలో ఆదివారాలు బీచంతా వనభోజనాలే. నన్నడిగితే మంగళ, బుధవారాలు.

బస శ్రీకాకుళం టౌన్లో పెట్టుకోండి. కళింగపట్నంలోనే ఉండి సముద్రం హోరు వింటూ పడుకోవాలని అందరికీ ఉంటుంది, కానీ పిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న కుటుంబానికి భోజనం, మందుల షాపు, రాత్రిపూట ఆటో ఇవన్నీ టౌన్లోనే సులువు. టౌన్ నుంచి కళింగపట్నం 25 కిలోమీటర్లు, అంతే. రైల్లో వచ్చేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోండి: శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది శ్రీకాకుళంలో కాదు, ఆమదాలవలసలో. అక్కణ్ణుంచి టౌన్‌కి 13 కిలోమీటర్లు, బస్సులూ ఆటోలూ దొరుకుతాయి. విజయనగరం నుంచి రైల్లో గంట ప్రయాణం. రోడ్డు మీద అయితే హైవేలో 70 కిలోమీటర్లు.

తిరగడానికి రెండు దార్లు. ఒకటి, శ్రీకాకుళం కాంప్లెక్స్ (ఆర్టీసీ బస్టాండ్) నుంచి పల్లెవెలుగు బస్సు. ఆంధ్రా చిరునామాతో ఆధార్ ఉన్న ఆడవాళ్ళకి స్త్రీశక్తి పథకంలో ఛార్జీ కూడా లేదు, కార్డు మాత్రం చేతిలో ఉంచుకోండి. ఖర్చు తక్కువ, కానీ శాలిహుండం లాంటి చోట తిరుగు బస్సు కోసం ఎండలో నిలబడితే సరదా కాస్తా ఆవిరైపోతుంది. రెండోది రోజంతా ఆటోనో కారో మాట్లాడుకోవడం. ఇక్కడ బేరం సూటిగా చెయ్యాలి. "బావూ, రానూ పోనూ, వెయిటింగ్ కలిపే కదా?" అని ఊళ్ళ పేర్లన్నీ వరసగా చెప్పి ఒప్పించుకోండి. శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం మూడూ గార మండలంలోనే ఉన్నాయి కాబట్టి ఆ మూడింటికీ ఒకే రోజు బండి చాలు. ముఖలింగం వేరే దిక్కు, దానికి వేరేగా మాట్లాడుకోవాలి.

మొదటి రోజు పొద్దున్నే శ్రీముఖలింగం. టౌన్ నుంచి 45 కిలోమీటర్ల పైచిలుకు, జలుమూరు మండలంలో, వంశధార ఒడ్డున. ఇప్పుడు చూస్తే మామూలు పల్లె, కానీ తూర్పు గంగ వంశపు రాజుల రాజధాని కళింగనగరం ఇదే. పూరీ జగన్నాథ ఆలయానికి శ్రీకారం చుట్టిన అనంతవర్మ చోడగంగదేవుడు ఏలుబడి మొదలుపెట్టింది ఇక్కణ్ణుంచే. పూరీ చూసొచ్చి మురిసిపోయేవాళ్ళు పక్కనే ఉన్న దాని పుట్టిల్లు చూడరు, అదీ మన సంగతి. ఇక్కడి ప్రధానాలయమైన మధుకేశ్వరుడి గుడికి నేరుగా వెళ్ళిపోకుండా, విడిగా నిలబడి ఉన్న సోమేశ్వరాలయం దగ్గర ఓ పావుగంట ఆగండి. మండపం లేదు, హంగూ లేదు, రాతి మీద శిల్పం మాత్రం నిండా ఉంది. ఇప్పచెట్టు మొదట్లో స్వామి ముఖం కనిపించిందని స్థలపురాణం. పూజారి గారికి తీరిక ఉంటే ఆ కథ ఆయన నోటే వినండి. గుళ్ళు మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి తొందరగా వెళ్ళడమే మేలు. తిరిగొచ్చి భోంచేసి, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం అరసవిల్లి సూర్యనారాయణ స్వామి దర్శనం చేసుకోండి, టౌన్‌ని ఆనుకునే ఉంటుంది. మార్చిలోనూ అక్టోబరు మొదట్లోనూ కొన్ని రోజులు ఉదయపు కిరణాలు స్వామి పాదాల్ని తాకుతాయి. అది చూడాలంటే తెల్లవారకముందే లైన్లో ఉండాలి, మబ్బు పడితే ఇంక అంతే.

రెండో రోజు అసలైన రోజు, కొంచెం ఓపిక కావాలి. పొద్దున్న ఏడింటికల్లా శాలిహుండంలో ఉండేలా చూసుకోండి. టౌన్ నుంచి 18 కిలోమీటర్లు. చాలామంది దీన్ని బీచ్ చూశాక ఆఖర్న పెట్టుకుంటారు, తడిబట్టలతో ఏడుస్తున్న పిల్లల్ని కొండెక్కిస్తారు, తర్వాత శాలిహుండంలో ఏమీ లేదంటారు. ఈ కొండని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులు గారు. వాడుక భాష కోసం పోరాడిన ఆయనే, సవర భాష నేర్చుకుని దానికి పుస్తకాలు రాసిన ఆయనే. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, ఇదే వంశధార తీరాన పుట్టిన మనిషి. తర్వాతి తవ్వకాల్లో ఇటుక స్తూపాలు, గుండ్రటి చైత్యగృహాలు (ప్రార్థన మందిరాలు), తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు బయటపడ్డాయి. క్రీస్తుకు పూర్వం మొదలై వెయ్యేళ్ళకు పైగా భిక్షువులు ఇక్కడ ఉన్నారు. పైకెళ్ళి నది వైపు తిరిగి నిలబడితే ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారో అర్థమవుతుంది. కింద వంశధార, అప్పట్లో దాని మీదుగా రేవుకు పోయే వచ్చే పడవలు, వాటిలో వర్తకులు. బౌద్ధం వర్తకుల వెంట నడిచిన మతం అని స్కూల్లో చదువుకున్న వాక్యం ఈ కొండ మీద కళ్ళకి కనిపిస్తుంది. విగ్రహాలు పెట్టిన మ్యూజియం తెరిచి ఉంటే ముందు అది చూసి పైకెక్కండి, అప్పుడు ఉట్టి పునాదుల్ని చూసి పిల్లలు పెదవి విరవరు. నీళ్ళూ టోపీ మర్చిపోవద్దు, పైన నీడ తక్కువ. ఇటుకల మీదెక్కి ఫొటోలు దిగొద్దు, ఎవరూ చూడకపోయినా సరే.

అక్కణ్ణుంచి కళింగపట్నం ఐదారు కిలోమీటర్లే, కానీ నేరుగా పోవద్దు. గుడి మధ్యాహ్నం మూసేలోగా శ్రీకూర్మం చూసెయ్యండి. విష్ణుమూర్తి కూర్మావతారంలో పూజలందుకునే గుడి, స్వామి పడమటి ముఖంగా ఉంటారు, ధ్వజస్తంభాలు రెండు. దర్శనం అయిపోయిందని వచ్చెయ్యకండి. ప్రదక్షిణ మండపం గోడల మీద రంగుల బొమ్మలున్నాయి, స్తంభాల మీద తెలుగు శాసనాలు వరసగా ఉన్నాయి. మా వాళ్ళెవరొచ్చినా నేను ఆ స్తంభాల దగ్గరే ఆపేస్తాను, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంటే అందులో "శకవర్షంబులు" అని కనిపించగానే పిల్లలకి హుషారొస్తుంది. గుడి ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్ళు వాళ్ళకి అంతకన్నా నచ్చుతాయనుకోండి. వాటిని చేత్తో పట్టుకోనివ్వొద్దు.

ఎండ తగ్గాక, నాలుగు ప్రాంతంలో, కళింగపట్నం. ఊళ్ళో మదీనా బాబా దర్గా ఉంది, హిందువులు కూడా మొక్కుకుంటారు. తర్వాత లైట్‌హౌస్. 1876 నుంచి ఇక్కడ ఓడలకి దీపం చూపిస్తున్నారు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఈ రేవు నుంచి సరుకు ఎగుమతయ్యేది, రెండో ప్రపంచ యుద్ధ సమయంలో మూతపడింది, ఇప్పుడు తుఫాను హెచ్చరికల్లో పేరు మాత్రం మిగిలింది. లైట్‌హౌస్ ఎక్కనిచ్చే వేళలు మారుతుంటాయి, బండి దిగగానే గేటు దగ్గర కనుక్కోండి. పైకెళ్తే పొద్దుటి నుంచి మీరు చూసిన నది ఎటునుంచి వచ్చి ఎక్కడ కలుస్తోందో వేలు పెట్టి చూపించొచ్చు.

ఈ ఒక్క విషయంలో మొహమాటం లేకుండా చెప్తాను: నది సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్ళలోకి దిగొద్దు. పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది, కింద ఇసక మేటలు వరదకోసారి చోటు మారుతాయి, నది నెడుతుంది, అల లాగుతుంది, ఈత వచ్చినవాళ్ళు కూడా తేలలేరు. బీచ్‌లో కూడా మోకాలి లోతు దాటొద్దు. ఎక్కడ దిగొచ్చో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్నెవరినైనా అడగండి. ఆయన "వద్దు బావూ" అన్నారంటే వద్దనే. జనవరి నుంచి మార్చి వరకు రాత్రిళ్ళు ఈ తీరంలో తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అవి రిడ్లీ తాబేళ్ళు, టార్చి వెలుగు పడితే బెదిరి వెనక్కి పోతాయి. చీకటి పడ్డాక ఫోన్ లైట్లేసుకుని ఇసకలో తిరగొద్దు.

చేపలు కొనాలనుకునేవాళ్ళు ఇంకో పొద్దున్న రావాలి, బోట్లు ఒడ్డుకొచ్చే వేళకి. చందువా, వంజరం దొరికితే అదృష్టం, కవళ్ళూ కానాగడతలూ అయితే తరచూ ఉంటాయి. ఒడ్డున చేపల వేలం పాట పాడుతుంటే మధ్యలో దూరకుండా, అయిపోయాక ఎవరైనా అక్కని అడిగితే విడిగా ఇస్తారు. ఐస్ పెట్టె వెంట తెచ్చుకోండి. వలలు లాగేవాళ్ళ ఫొటోలు అడిగి తియ్యండి, అది వాళ్ళ పని, మనకి షో కాదు.

తిరుగు రైలుంటే ఆమదాలవలస వెళ్ళడానికి గంట ముందే టౌన్ నుంచి కదలండి, టైముకి ఆటో దొరకదేమోనన్న టెన్షన్ ఉండదు. విజయనగరం వైపు వెళ్ళేవాళ్ళకి ఇంకో పూట మిగిలితే దారిలో పొందూరు దిగొచ్చు. అక్కడి సన్న ఖాదీకి పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతోనే ఏకి శుభ్రం చేస్తారు. నేసేవాళ్ళ ఇంటికి వెళ్ళి ఆ పని చూశాకే పంచె బేరం ఆడండి, ధర ఎక్కువన్న మాట నోటికి రాదు.