పరాయి దేశంలో రాత్రిపూట బయటికి వెళ్లే ముందు ఇవి చూసుకోండి

- ఆ దేశం ఎమర్జెన్సీ నంబర్ నోటికి రావాలి: యూరప్‌లో 112, అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000. ఫోన్ లాక్కుంటే కాంటాక్ట్స్ కూడా దాంతోనే పోతాయి కదా, అందుకే ఇంట్లోవాళ్లవి, ఎంబసీది నంబర్లు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

- కార్డు విషయం మాత్రం దయచేసి సీరియస్‌గా తీసుకోండి, కొన్నిచోట్ల మనిషిని కార్లో ఎక్కించుకుని ఏటీఎంల చుట్టూ తిప్పి డబ్బు తీయిస్తారు, అర్ధరాత్రి దాటితే లిమిట్ మళ్లీ మొదలవుతుందని అప్పటిదాకా వదలరు కూడా, కాబట్టి డైలీ లిమిట్ బాగా తగ్గించి, సేవింగ్స్ ఉన్న కార్డు ఇంట్లోనే పెట్టేసి, ఆ బ్యాంక్ యాప్ కూడా ఫోన్‌లోంచి తీసేసి వెళ్లండి.

- క్యాబ్ నంబర్ ప్లేట్ యాప్‌తో సరిచూడండి. "ఎవరి కోసం వచ్చారు?" అని డ్రైవర్‌నే అడగండి, మీ పేరు ముందే చెప్పేయొద్దు.

- లైవ్ లొకేషన్ ఒకరికి షేర్ చేసి, ఎన్నింటికి తిరిగొస్తారో చెప్పండి. ఆ టైమ్ దాటితే వాళ్లు ఏం చేయాలో కూడా అప్పుడే అనుకోవాలి.

- ఎవరైనా కత్తో గన్నో చూపిస్తే అడిగింది ఇచ్చేయండి, ఎదురు తిరగొద్దు, ఇది బయల్దేరకముందే మనసులో ఖాయం చేసుకోండి, ఎందుకంటే ఆ క్షణంలో ఆలోచించే టైమ్ ఉండదు.