కత్తెర పడకముందే ‘ష్‌రాయిక్?’ అనండి

కువైట్‌లో దిష్‌దాషాలు కుట్టే దుకాణంలో 12 ఏళ్లు పనిచేశాను. దిష్‌దాషా అంటే అక్కడి మగవాళ్లు తొడుక్కునే పొడవాటి అంగీ. ఎండాకాలానికి తెల్లటి పలుచని బట్ట, చలికాలానికి ముదురు రంగు మందపాటి బట్ట వాడతారు. రాయచోటి వైపు నుంచి ఇప్పుడు కువైట్ వెళ్లబోయే కుర్రాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. కొలతల మాటలు, డబ్బు మాటలు వారం రోజుల్లో వాటంతట అవే వస్తాయని వాళ్లకు చెబుతాను. అభిప్రాయం అడగడం, చెప్పడం మాత్రం ఇక్కడే కూర్చోబెట్టి నేర్పిస్తాను. బట్టమీద కత్తెర పడ్డాక ఎంత మర్యాదగా అడిగినా లాభం లేదు.

ముందు అడగడం చూద్దాం. ‘మీ అభిప్రాయం ఏమిటి?’ అనడానికి పుస్తకాల అరబ్బీలో మగవారిని ‘మా రఅ్యుక?’ అని, ఆడవారిని ‘మా రఅ్యుకి?’ అని అడుగుతారు. కువైట్ వీధిలో ఇదే మాట మగవారితో ‘ష్‌రాయిక్?’, ఆడవారితో ‘ష్‌రాయిచ్?’ అవుతుంది. మనవాళ్లు తడబడేది ఆ చివరి అక్షరం దగ్గరే. తెలుగులో ‘మీరేమంటారు?’ అంటే ఎదుట అయ్యగారున్నా అమ్మగారున్నా సరిపోతుంది. అరబ్బీలో ‘నువ్వు’ అనే మాటలోనే ఆడ, మగ తేడా ఉంది.

నేను చేరిన మొదటి నెలలో ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. నాలుగు రకాల కాలర్లు ముందుపెట్టి, ఆమెను చూస్తూ ‘ష్‌రాయిక్?’ అన్నాను. అడిగింది పిల్లవాడిని అనుకుని ఆమె ఊరుకుంది. వాడు తనకు నచ్చినది చూపించాడు, నేను అదే కుట్టాను. ఆమె మనసులో ఉన్న కాలరు వేరు. విప్పి మళ్లీ కుట్టడానికి ఒక రాత్రంతా పట్టింది. అందుకే ఆ ‘క్’, ‘చ్’ దగ్గర నేను ఎవరినీ వదలను.

‘ష్‌రాయిక్’లో అభిప్రాయం అనే అర్థమిచ్చే ‘రాయ్’ మీకు పూర్తిగా కొత్తదేమీ కాదు. ‘చూడటం’ అనే ధాతువు నుంచే అది పుట్టింది. మనం ‘నా దృష్టిలో’ అన్నట్టే. హైదరాబాద్ ఉర్దూలో వినే ‘రాయ్’ కూడా ఇదే. మన ‘సలహా’ కూడా అరబ్బీలో పుట్టి మన దాకా వచ్చినదే.

ఇక చెప్పడం. ‘బ్‌రాయీ’ అని మొదలుపెట్టి ‘హాజా అహ్‌సన్’ అంటే, నా దృష్టిలో ఇదే మేలు అని. గట్టిగా తెలియకపోతే ‘యిమ్‌కిన్’ చేర్చండి, ‘బహుశా’ అని దాని అర్థం. చిన్నపిల్లల ఒంటిమీది బట్ట గురించి అడిగితే ముందు ‘మాషా అల్లాహ్’ (దేవుడు తలచినట్టే అయింది అని మెచ్చుకునే మాట) అని, ఆ తర్వాతే పొడవు సంగతి ఎత్తండి. ఒప్పుకోలేనప్పుడు ‘లా’ అని మొహం మీద కొట్టినట్టు అనవద్దు. ‘మఆక్ హక్, బస్...’ అనండి. న్యాయం మీ వైపే ఉంది, కానీ... అని. ఆడవారితో అది ‘మఆచ్ హక్’ అవుతుంది. ఉర్దూ వచ్చినవాళ్లు ‘బస్’ వినగానే ‘చాలు’ అనుకుంటారు. అరబ్బీలో ఆ అర్థమూ ఉంది, కానీ ఇక్కడ అది ‘కానీ’.

ప్యాంట్లు సరిచేయించుకోవడానికి ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు కూడా మా దుకాణానికి వచ్చేవారు. వాళ్లను అడగడానికి ‘వాట్ డు యు థింక్?’ చాలు. ‘వాట్ ఈజ్ యువర్ ఒపీనియన్?’ తప్పు కాదు గానీ, ప్యాంటు పొడవుకు అది మరీ బరువైన ప్రశ్న. చెప్పేటప్పుడు మాత్రం ఒక చిక్కుంది. మనం ‘అనుకుంటున్నాను’ అంటాం కాబట్టి నోటికి ‘ఐ యామ్ థింకింగ్’ వచ్చేస్తుంది. అది విన్నవాళ్లు మీరింకా ఆలోచనలోనే ఉన్నారనుకుని ఎదురుచూస్తారు. ‘ఐ థింక్’ అనండి. ‘నా ప్రకారం’ అనే మాటను ‘అకార్డింగ్ టు మీ’గా మార్చవద్దు. ఎదుటివాళ్లు ‘ఐ యామ్ నాట్ సో ష్యూర్’ అంటే వాళ్లకు తెలియదని కాదు, నచ్చలేదని. అక్కడితో ఆగి, ఇంకో రకం చూపించండి.

ప్రయాణానికి ముందు రోజూ ఇంట్లో పది నిమిషాలు సాధన చేయండి. ఒక తెల్ల బట్ట, ఒక బూడిదరంగు బట్ట చేతిలో పట్టుకుని నాన్నను అడగండి, అమ్మను అడగండి. నాన్నతో ‘క్’, అమ్మతో ‘చ్’.