తాతగారి జనన పత్రం చేతికొచ్చాక: హైదరాబాదుకు కొత్తగా వచ్చిన మన పిల్లలకు

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పుట్టి పెరిగి, ఉద్యోగం మీద హైదరాబాదులో దిగిన మా చుట్టాల పిల్లలు మొదటి నెలంతా ఇల్లు, గ్యాసు, పనిమనిషి గొడవల్లో ఉంటారు. రెండో నెలలో ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకొని వస్తారు. "తాతయ్యది పాత కాగితం, కాస్త చదివిపెడతారా?" అని. కొందరికి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్లకు మన దేశం ఇచ్చే కార్డు) పని, కొందరికి వంశవృక్షం గీయాలన్న ముచ్చట. అలా చదివిపెట్టగా చదివిపెట్టగా నాకు పట్టుబడ్డ సంగతులు ఇవి.

ముందు తేదీ చూడండి. మా మేనత్త కాగితంలో "తీర్ 1352" అని ఉంది. అమెరికా నుంచి వచ్చిన ఆమె మనవడు దాన్ని హిజ్రీ, అంటే ముస్లిం చాంద్రమాన సంవత్సరం అనుకొని, ఫోనులో లెక్క కట్టి 1933 అని తేల్చాడు. పదేళ్ల వయసు పైన వేసినందుకు అత్తయ్య రెండు రోజులు వాడికి కాఫీ ఇవ్వలేదు. అది ఫస్లీ లెక్క, అంటే పంటల, శిస్తుల కోసం పెట్టిన సర్కారీ సంవత్సరం. నిజాం రాజ్యంలో సర్కారీ కాగితాలు ఎక్కువగా ఫస్లీలోనే నడిచేవి. సంవత్సరం అక్టోబరు తొలివారంలో అజర్ నెలతో మొదలయ్యేది. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే ఫస్లీకి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. తీర్ ఎనిమిదో నెల, అంటే దాదాపు మే. కాబట్టి అత్తయ్య పుట్టింది 1943లో. ఏ లెక్కో నెల పేరే చెబుతుంది: సఫర్, రంజాన్ లాంటివి ఉంటే హిజ్రీ, అజర్, బహమన్, తీర్, ఆబాన్ ఉంటే ఫస్లీ. ఆంధ్ర వైపు ఫస్లీకి కూడా కలపాల్సింది ఇదే, కాకపోతే అక్కడ ఏడాది జూలై 1న మొదలవుతుంది.

ఆ కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి, ఉర్దూ అంకెలతో జాగ్రత్త. మనం సున్నా అనుకునే గుండ్రటి గుర్తు అక్కడ ఐదు. సున్నా అంటే ఉత్త చుక్క. కాగితం మీద ఈగ మచ్చ పడితే ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి. అక్షరాలు కుడి నుంచి ఎడమకు చదివినా, అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి.

మాటలు పెద్ద కష్టం కాదు. వల్ద్ అంటే ఫలానావారి కొడుకు. సాకిన్ అంటే ఉండే చోటు, మౌజా అంటే ఊరు, పేషా అంటే వృత్తి, కౌమ్ అంటే కులం. అసలు చిక్కు పేర్లతో. ఉర్దూ రాతలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు, ణ, ళ అక్షరాలు అసలే లేవు. అందుకే "కొమురయ్య", "కుమ్రయ్య" ఒకే మనిషి కావచ్చు. స్పెల్లింగు కలవలేదని మీ తాతను వదిలేయకండి. తండ్రి పేరు, ఊరు, వృత్తి మూడూ కలిస్తే ఆయనే అనుకొని ముందుకెళ్లండి.

పేరు గడి ఖాళీగా ఉన్నా కంగారు పడొద్దు. బిడ్డకు పేరు పెట్టేది బారసాలనాడు, తెలంగాణ ఇళ్లలో తొట్టెలనాడు. అంతకుముందే పుట్టుక నమోదైతే "మగ" అనో "ఆడ" అనో మాత్రమే ఉంటుంది. ఇప్పటి జనన మరణాల నమోదు చట్టం (1969) కూడా పేరు లేకుండా నమోదు చేయించుకొని తర్వాత చేర్పించుకోనిస్తుంది. అలాంటప్పుడు రిజిస్టరులో తండ్రి పేరు మీదే వెతకాలి.

ఇక పుట్టిన చోటు. తాతయ్య బతుకంతా సుల్తాన్‌బజారులో గడిచిందని అక్కడే పుట్టాడనుకుంటారు. తొలి కాన్పు పుట్టింట్లో అనే ఆచారం మరిచిపోతారు. పుట్టుక ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. అంటే మీరు వెతకాల్సింది ముత్తవ్వ పుట్టింటి ఊరు. ఆ ఊరు భువనగిరైతే పాత కాగితంలో నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. ఇంకా వెనక్కి పోతే ఎలగందుల అంటే నేటి కరీంనగర్, ఇందూరు అంటే నిజామాబాదు. బల్దా అని ఉంటే హైదరాబాదు నగరమే. కె.ఇ.ఎం. ఆసుపత్రి అని ఉంటే కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్, అంటే తర్వాతి గాంధీ ఆసుపత్రి. రికార్డు అడగాల్సింది నగరంలో పుట్టినవాళ్లకు జీహెచ్‌ఎంసీ (హైదరాబాదు నగరపాలక సంస్థ), కంటోన్మెంటులో పుట్టినవాళ్లకు సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డు. ఒకచోట లేదంటే రెండోచోట కూడా అడగండి. వెతికినా దొరకకపోతే దొరకలేదన్న కాగితమే రాయించుకోండి, అదీ పనికొస్తుంది.

కాగితం మీద రెండు మూడు తేదీలుంటాయి: పుట్టింది, నమోదైంది, నకలు ఇచ్చింది. నమోదు పుట్టిన వారంలోనే జరిగితే నేను ఆ తేదీని నమ్ముతాను. పదిహేనేళ్ల తర్వాత జరిగితే ఎందుకు చేయించారో ముందు ఆరా తీస్తాను. బడి సర్టిఫికెట్‌లో జూన్, జూలై తేదీ కనిపిస్తే మరీ అనుమానం. బడిలో చేర్చుకునే రోజున అయ్యవారు వయసు అంచనా కట్టి వేసిన తేదీలు మా ఇంట్లోనే నాలుగున్నాయి. జాతకం తేదీ ఒకరోజు వెనక్కి ఉంటే మాత్రం అది తప్పు కాకపోవచ్చు. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, తెల్లవారుజామున మూడింటికి పుట్టినవాళ్లు ముందురోజు లెక్కలోకి వస్తారు. జాతకంలో "సర్వధారి" అని ఉంటే 1948 ఉగాది నుంచి 1949 ఉగాది దాకా. అరవై ఏళ్లకొకసారి అదే పేరు వస్తుంది కాబట్టి తరం చూసుకోండి. తేదీలు కలవకపోతే అన్నీ రాసిపెట్టుకోండి, దిద్దించాలని తొందరపడకండి.

ఉర్దూ చదివిపెట్టేవాళ్ల కోసం డబ్బిచ్చి తిరగక్కర్లేదు. 1948కి ముందు ఇక్కడ బడికెళ్లిన తెలుగు పెద్దలు చాలామంది చదివింది ఉర్దూలోనే. మీ అపార్టుమెంటులోనే తొంభైకి దగ్గరపడిన తాత ఒకరుండొచ్చు. సాయంత్రం నాలుగింటికి వెళ్లండి, చేతిలో పండ్లు పెట్టి "తాతా, మంచిగున్నరా" అని అడిగి కూర్చోండి. కాగితం వెంటనే తీయకండి, మొదట ఆయన ఊరు కథ వినాలి. ఫోటో కాదు, అసలు కాగితమే తీసుకెళ్లండి, వెనకవైపు కూడా చూపించండి. మా అత్తయ్య కాగితం వెనక ఒక వేలిముద్ర, దాని పక్కన సన్నటి రాతలో పుట్టిన కబురు చెప్పినవాళ్ల పేరు ఉన్నాయి. అది మంత్రసానిది. మనవడు ఫోటో తీసింది ముందువైపు ఒక్కటే.