ఇంజిన్‌లో కూలెంట్, ఆయిల్ టెంపరేచర్ ఎక్కడ కొలవాలి?

గేజ్ కొనడం పెద్ద పనేం కాదు, సెన్సార్ ఎక్కడ పెట్టాలన్న దగ్గరే తికమక. ఒకే ఇంజిన్ ఒకే టైంలో రేడియేటర్ కింది పైపు దగ్గర ఒక నంబర్, సిలిండర్ హెడ్ దగ్గర ఇంకో నంబర్ చూపిస్తుంది, రెండూ కరెక్టే. అందుకే ముందు మీకేం తెలియాలో డిసైడ్ అవ్వండి.

1. కూలెంట్: ఇంజిన్ ఎంత వేడెక్కిందో తెలియాలంటే హెడ్‌లోంచి వేడి కూలెంట్ బయటికొచ్చే చోట, థర్మోస్టాట్‌కి (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి వెళ్లనివ్వని వాల్వ్) ఇంజిన్ వైపునే పెట్టాలి. థర్మోస్టాట్ దాటాక పై పైపులో పెట్టారనుకోండి, అది తెరుచుకునేదాకా (మామూలుగా 82-90 డిగ్రీల దగ్గర) గేజ్ చల్లగానే చూపిస్తుంది, అది మూసుకుపోయి ఇరుక్కుంటే లోపల ఇంజిన్ ఉడికిపోతున్నా మీకు తెలీదు. కింది పైపులో కొలిస్తే రేడియేటర్ ఎంత చల్లబరుస్తుందో తెలుస్తుంది అంతే.

ఇంకోటి, సెన్సార్ మొన కూలెంట్‌లో మునిగి ఉండాలి. కూలెంట్ కారిపోయి మొన గాల్లోకొస్తే రీడింగ్ పెరగాల్సింది పోయి పడిపోవచ్చు, అది చూసి హమ్మయ్య అనుకుంటే ఇంజిన్ పోయినట్టే.

2. ఆయిల్: ఇక్కడ రెండు చోట్లున్నాయి. బేరింగులు, పిస్టన్ల వేడి మోసుకొచ్చిన ఆయిల్ అంతా చేరేది చాంబర్‌లోకే (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కాబట్టి ఆయిల్ మీద ఎంత లోడ్ పడుతోందో చూడాలంటే అదే మంచి చోటు, నా ఓటు కూడా దానికే. డ్రెయిన్ బోల్ట్ ప్లేస్‌లో పెట్టే సెన్సార్ ఈజీ, కానీ బండి కింద బయటికి పొడుచుకొస్తే రాయి తగులుతుంది, చాంబర్ పక్క గోడకి బిగిస్తే సేఫ్. రెండోది ఆయిల్ ఫిల్టర్ దగ్గర శాండ్‌విచ్ ప్లేట్, అంటే ఫిల్టర్‌కీ ఇంజిన్‌కీ మధ్య బిగించే ప్లేట్, సెన్సార్ దానికి పెడతారు. ఆయిల్ కూలర్ ఉంటే కూలర్‌కి వెళ్లే వైపా, తిరిగొచ్చే వైపా చూస్కోండి, బేరింగులకి వెళ్లే ఆయిల్ ఎంతుందో తెలియాలంటే తిరిగొచ్చే వైపే.

ఆయిల్ కూలెంట్ కన్నా లేటుగా వేడెక్కుతుంది, కూలెంట్ 90 చూపించింది కదా అని వెంటనే తొక్కేయకండి. మామూలు డ్రైవింగ్‌లో ఆయిల్ 90-110 మధ్య ఉంటే ఓకే, 130 దాటి అక్కడే ఉంటే మాత్రం స్లో చేయండి.

3. ఫిట్టింగ్: ఇంజిన్ పూర్తిగా చల్లారాకే కూలెంట్ క్యాప్ తీయాలి. ఒకే వైరున్న సెన్సార్‌కి ఎర్త్ దాని బాడీ నుంచే అందుతుంది, మరలకి టెఫ్లాన్ టేప్ దట్టంగా చుట్టేస్తే రీడింగ్ తేడా వస్తుంది. పని అయ్యాక కూలెంట్ లైన్‌లో గాలి తీసేయడం మర్చిపోవద్దు.

4. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో (తాకకుండా దూరం నుంచే వేడి కొలిచేది) చెక్ చేస్తే మెరిసే అల్యూమినియం మీద తక్కువ చూపిస్తుంది, ఆ చోట నల్ల టేప్ అంటించి దాని మీద కొట్టండి. అసలు సింపుల్ టెస్ట్ వేరే ఉంది, రాత్రంతా ఆగిన బండిలో ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేస్తే రెండు గేజ్‌లూ బయట గాలి వేడికి దగ్గరగా ఒకేలా చూపించాలి, ఏదైనా బాగా పక్కకి పోతే ఎర్తో, ఆ గేజ్‌కి సరిపడని సెన్సారో అయ్యుంటుంది.