ముగ్గు వేస్తున్నా టెన్షన్ తగ్గడం లేదా?

రోజంతా స్క్రీన్ ముందు కూర్చుని వేడెక్కిన బుర్రకు చుక్కల ముగ్గును మించిన మందు లేదని నా నమ్మకం. కానీ చాలామంది నాలుగు రోజులు వేసి, "నాకేం తేడా తెలియలేదు" అని మానేస్తారు. లోపం ముగ్గులో ఉండదు, వేసే తీరులో ఎక్కడో చిన్న చిక్కు ఉంటుంది.

ఏం వేయాలో తోచదు, ఖాళీ వాకిలి చూస్తేనే గాభరా

ఖాళీ చోటు ఉంటే ప్రతి గీతా మనమే ఆలోచించుకోవాలి, అలసిన మనసుకు అదొక కొత్త బరువు. 2005లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, మండలాలనే గుండ్రటి డిజైన్లకో గళ్ల డిజైన్లకో రంగులు వేసినవాళ్లకు ఆందోళన తగ్గింది. తెల్ల కాగితం మీద ఇష్టమొచ్చినట్టు వేసినవాళ్లకు అంతగా తగ్గలేదు. మనకు ఆ దారి చూపేవి చుక్కలే. మధ్య వరసలో 7 చుక్కలు పెట్టి, అటూ ఇటూ సందు చుక్కలు 4 వచ్చేదాకా పెట్టండి. మొత్తం 37 చుక్కలు. అవి లెక్కపెట్టేసరికే సగం గాభరా పోతుంది.

"నాకు చేయి తిరగదు" అన్న దిగులు కూడా వద్దు. 2016లో డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు 39 మందితో 45 నిమిషాలు బొమ్మలు, మట్టి పని చేయిస్తే, దాదాపు 75 శాతం మందిలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది. అనుభవం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ అందులో తేడా రాలేదు.

చేయి ముగ్గు మీద, మనసు ఆఫీసులో

నాకు ఎక్కువగా వచ్చిన ఇబ్బంది ఇదే. ఏళ్ల తరబడి వేసిన ముగ్గయితే చేయి దానంతటదే తిరుగుతుంది, మనసు ఖాళీగా ఉండి నిన్నటి మీటింగ్ దగ్గరికి పోతుంది. దీనికి మెలికల ముగ్గు పట్టండి. గీత ఏ చుక్కనూ తాకకుండా, దాని చుట్టూ తిరిగి, పక్క చుక్క కింద నుంచి దూరి, మొదలైన చోటికే రావాలి. ఒక్క మలుపు తప్పితే ముడి పడదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జారుతుంటే, చూపు ఆ గీత కొసనే ఉంటుంది. ఆ కాసేపు వేరే ఆలోచనకు చోటుండదు. ఫోన్ మాత్రం ఇంట్లో వదిలి రండి.

గీత మధ్యలో తెగుతోంది, చిరాకొస్తోంది

పిండి చెమ్మగా ఉండొచ్చు, లేదా వేళ్లు బిగబట్టి ఉండొచ్చు. పిండిని ఎండలో పెట్టి జల్లించి, కాస్త సన్న ఇసుక కలపండి. భుజాలు వదులు చేసి, ఊపిరి వదులుతూ గీత లాగండి.

ముగ్గయ్యాక ఇంకా దిగులు

ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టి, ఎదురింటివాళ్ల ముగ్గుతో పోల్చుకుంటున్నారేమో చూసుకోండి. వారం రోజులు ఫొటో తీయకండి. ఎలాగూ మర్నాడు ఊడ్చి కల్లాపి చల్లేదే కదా!

మోకాళ్లు, నడుము నొప్పి. ఫ్లాట్‌లో వాకిలి లేదు

పలక, బలపం తీసుకుని కుర్చీలో కూర్చుని వేసుకోండి. ఫలితం అదే.

ఏం చేసినా నిద్ర లేదు, ఆకలి లేదు

రెండు వారాలు దాటినా ఇలాగే ఉంటే ముగ్గుతో సరిపెట్టుకోవద్దు, డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.