ట్రౌట్‌కి ఒక్కటే ఫ్లై రాడ్ కొనాలంటే

బెంగళూరు నుంచి ఊటీ వైపు ట్రౌట్ చేపల కోసం వెళ్లేవాళ్లు ఒకే ఒక్క ఫ్లై రాడ్ (పురుగులా కట్టిన తేలికపాటి గాలాన్ని, అంటే ఫ్లైని, విసిరే కర్ర) కొనదలుచుకుంటే 9 అడుగుల 5 వెయిట్ తీసుకోండి. వెయిట్ అంటే ఆ రాడ్‌కి సరిపడే లైను బరువును చెప్పే అంకె. అదీ నాలుగు ముక్కలది. ఒక్కో ముక్క రెండున్నర అడుగుల లోపే ఉంటుంది, బస్సులో సీటు పక్కన పట్టేస్తుంది.

ఎనిమిది అడుగులది చాలదా అంటే, అవలాంచ్, ఎమరాల్డ్ లాంటి రిజర్వాయర్ ఒడ్డున ఇబ్బందే. వెనక్కి విసిరిన లైను గట్టు మీది గడ్డికి తగలకుండా పైనుంచి పోవాలంటే ఆ అదనపు అడుగు కావాలి. వాగులోనూ అంతే. రాడ్ పొడవుంటే మధ్యలో వడిగా పారే నీటిమీంచి లైను ఎత్తి పట్టొచ్చు, ఫ్లై ఈడ్చుకుపోదు. ఈడ్చుకుపోయే డ్రై ఫ్లైని (నీటిమీద తేలే ఫ్లై) ట్రౌట్ సాధారణంగా ముట్టదు. ఎక్కడ వేసినా మత్స్యశాఖ, అటవీశాఖల అనుమతి సంగతి ముందే చూసుకోండి.

కొమ్మలు నెత్తిమీదికి వంగిన సన్నటి వాగులకే పోతామంటే మాత్రం ఏడున్నర అడుగుల 3 వెయిట్ నయం. 10 అడుగులది నింఫ్‌ని (నీటిలో మునిగే ఫ్లై) నీటి అడుగున నడిపించడానికి భలే ఉంటుంది గానీ, రోజంతా డ్రై ఫ్లై విసిరితే మణికట్టు లాగేస్తుంది. మొదటి రాడ్‌గా వద్దు.

లైను 5 వెయిట్ ఫ్లోటింగ్ (నీటిమీద తేలేది), లీడర్ (లైను చివర ఫ్లై కట్టే సన్నటి దారం) 9 అడుగులు, దాని కొస మందం 5ఎక్స్. ప్రాక్టీసు మేడమీద చేయకండి, కాంక్రీటుకి రాసుకుని లైను పైపూత పాడవుతుంది. గడ్డి ఉన్న గ్రౌండులో, ఫ్లై బదులు అరంగుళం ఊలు ముక్క కట్టి విసరండి. అరగంటకోసారి రాడ్ ముక్కల అతుకులు బిగించి చూసుకోవాలి. విసిరేకొద్దీ అవి వదులవుతాయి, రాడ్ తరచూ విరిగేది అక్కడే.