ఇంగ్లీషు మాటల పుట్టుక – 3వ పాఠం: డే, దినం చుట్టాలు కావు

పోయిన పాఠంలో ఇంగ్లీషు మాటను ఫ్రెంచి మీదుగా లాటిన్ దాకా వెనక్కి పట్టుకెళ్లాం. ఈసారి లాటిన్‌ని కూడా దాటుదాం. చాలామంది దారి తప్పేది ఇక్కడే. రెండు మాటలు ఒకేలా వినిపిస్తే చాలు, చుట్టరికం కలిపేస్తారు.

ఈ జతలు పైకి చదవండి. మొదటి హల్లు మీదే దృష్టి పెట్టండి: పితృ – ఫాదర్, పాదం – ఫుట్, త్రి – థ్రీ, దశ – టెన్, దంతం – టూత్. సంస్కృతంలో ప ఉన్నచోట ఇంగ్లీషులో ఫ, త ఉన్నచోట థ, ద ఉన్నచోట ట వచ్చాయి. లాటిన్ కూడా ఇక్కడ సంస్కృతం పక్షమే: పటెర్, ట్రేస్, డెకెమ్. ఈ మార్పు ఒక పద్ధతిలో జరిగిందని డెన్మార్క్ భాషావేత్త రాస్మస్ రాస్క్ 1818లో చూపించాడు. 1822లో జర్మన్ భాషావేత్త యాకబ్ గ్రిమ్ దాన్ని సూత్రంగా పెట్టాడు, 'గ్రిమ్ సూత్రం' అని పేరు ఆయనకే దక్కింది. అలాగని ఇంగ్లీషుకు సంస్కృతం తల్లి కాదు. రెండూ ఒకే పాత భాష నుంచి చీలినవి. ఆ భాషలో రాత ఏదీ దొరకలేదు. అందుకే ఊహించి కట్టిన మాటల ముందు నక్షత్రం గుర్తు పెడతారు.

ఇప్పుడు 'డే' సంగతి. పాత ఇంగ్లీషులోనూ ఇది డ-తోనే మొదలవుతుంది. 'దినం'తో నిజంగా చుట్టరికం ఉంటే ట-తో మొదలవ్వాలి కదా? కాబట్టి కొట్టేయండి. రోజు అనే అర్థమున్న లాటిన్ 'డియేస్'దీ అదే గతి, 'డే'తో చుట్టరికం లేదు. తమాషా ఏమిటంటే, 'ట్యూస్‌డే'లోని ట్యూ మాత్రం మన 'దేవ'కు అసలైన చుట్టం. అది టివ్ అనే పాత దేవుడి పేరు.

ఇదే సూత్రం అరువు మాటల్నీ పట్టిస్తుంది. ఫుట్, పెడల్, పోడియం, పైజమా: నాలుగింటిలోనూ ఉన్నది ఒకే పాదం. ఫ-గా మారింది ఫుట్ ఒక్కటే, అది పుట్టుకతో వచ్చిన మాట. మిగతావి ఆ మార్పు ముగిశాక లాటిన్, గ్రీకు, పారసీక మూలాల నుంచి వచ్చి చేరాయి, అందుకే ప నిలిచింది. ఒక మినహాయింపు గుర్తుంచుకోండి: స వెంటనే వచ్చే ప, త లాంటి హల్లు మారదు. లాటిన్ 'స్టారే' (నిలబడడం), ఇంగ్లీషు 'స్టాండ్' చూడండి.

అభ్యాసం: డెంటల్, టూ, ఫిష్, డెసిమల్, పెటర్నల్, టేమ్. వీటిలో పుట్టుకతో వచ్చినవేవి, అరువువేవి? ముందు మీరే తేల్చి, తర్వాతే నిఘంటువు తెరవండి. 'ఫిష్' దగ్గర ఆగిపోతే రాశుల ఇంగ్లీషు పేర్లు తలచుకోండి.